రంగు వెలిసిన బొమ్మల్లో మేమెక్కడ?

పాతది అమ్ముడుపోతున్న కాలమిది. కొత్త సినిమా పోస్టరు వారం తిరక్కముందే గోడమీంచి ఊడిపోతుంది. అరవై ఏళ్ళనాటి పోస్టరు మాత్రం ఫ్రేము కట్టించుకుని హోటళ్ళ గోడలమీదికి, ఉన్నవాళ్ళ డ్రాయింగు రూముల్లోకి చేరుతోంది. ఆదివారంనాడు ఆబిడ్స్ ఫుట్‌పాత్‌మీద పరిచిన పాత పుస్తకాల ముందు కాసేపు నిలబడండి. పాత సినిమా పత్రిక కనిపిస్తే దాటిపోలేని మనుషులు తగులుతారు. వంగి చేతిలోకి తీసుకుంటారు, పేజీలు తిప్పుతారు, కొందరు వాసన కూడా చూస్తారు. కొన్నా కొనకపోయినా ఆ నాలుగు నిమిషాలు వాళ్ళు ఇంకెక్కడో ఉంటారు.

ఈ మోజును మేము తక్కువ చేయడం లేదు. అది మాకూ ఉంది. దాని వెనక ఒక న్యాయమైన కారణమూ ఉంది. టీవీ, వీడియో లేని రోజుల్లో సినిమా ఊళ్ళోకి వచ్చేది, వెళ్ళిపోయేది. మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. చేతిలో మిగిలేవి రెండే. హాలు దగ్గర అమ్మే పాటల పుస్తకం, నెలకోసారి వచ్చే సినిమా పత్రిక. బీదవాడు ఇంటికి తెచ్చుకోగలిగిన సినిమా అంతే. మధ్యపేజీలో రంగుల బొమ్మ, ప్రశ్నలు-జవాబుల శీర్షిక, షూటింగు కబుర్లు, వెనక అట్టమీద సబ్బు ప్రకటన. వాటితోనే సినిమాను మనసులో మళ్ళీ మళ్ళీ ఆడించుకునేవాళ్ళు. మా ఇళ్ళల్లో చాలాచోట్ల నమాజు చేసే గదిలో బొమ్మలుండకూడదు. అందుకని కత్తిరించిన తారల బొమ్మలు గోడలెక్కలేదు. అల్మారా తలుపు లోపలివైపు, ట్రంకుపెట్టె మూత అడుగున అతుక్కున్నాయి. మూత ఎత్తితేనే కనిపించే సినిమా మాది.

అయితే పాతదాన్ని ప్రేమించడం వేరు. ఆ పాతదాంట్లో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారో చూడకుండా ప్రేమించడం వేరు. మా పేచీ రెండోదానితో.

ఈ పాత సినిమాల వెర్రికి పాశ్చాత్య దేశాల్లో ‘కల్ట్’ అని పేరు పెట్టారు. 1958లో అమెరికాలో ‘ఫేమస్ మాన్‌స్టర్స్ ఆఫ్ ఫిల్మ్‌ల్యాండ్’ అనే పత్రిక మొదలైంది. ప్రచురణకర్త జేమ్స్ వారెన్, సంపాదకుడు ఫారెస్ట్ ఆకర్‌మన్. పాత భూతాల సినిమాలు, వాటిలో నటించినవాళ్ళు, ఆ ముఖాలకు రంగులూ మాస్కులూ వేసినవాళ్ళు - ఇదే సరుకు. పెద్దలు చెత్త అన్నారు. పిల్లలు దుప్పట్లో దాచుకుని చదివారు. 1970 చివర్లో న్యూయార్కులోని ఎల్జిన్ థియేటరు ‘ఎల్ టోపో’ సినిమాను అర్ధరాత్రి ఆటలుగా వేసింది. 1975లో వచ్చి మామూలు ఆటల్లో చతికిలబడ్డ ‘రాకీ హారర్ పిక్చర్ షో’ ఆ తర్వాత అర్ధరాత్రి ఆటలతోనే ఏళ్ళ తరబడి బతికింది. 1981లో డానీ పియరీ వంద సినిమాలమీద వ్యాసాలు రాసి ‘కల్ట్ మూవీస్’ అని పుస్తకమే వేశాడు. బజారు పారేసినదాన్ని, పండితులు ఈసడించినదాన్ని కొద్దిమంది ఏరుకుని గుండెకు హత్తుకోవడం - కల్ట్ అంటే ఇదీ. అందులో ఒక ధిక్కారముంది. బడిలో వెక్కిరింపులు తిన్న పిల్లాడు ఆ పత్రికలు చదువుతూ హీరో పక్షాన కాదు, ఊరంతా కాగడాలు పట్టుకుని తరిమే భూతం పక్షాన నిలబడ్డాడు. అందుకే ఆ పత్రికలంటే మాకు గౌరవం. కాగడాల గుంపు సంగతి మాకూ తెలుసు గనక.

మన దగ్గర ఇది తలకిందులైంది. మన పాత సినిమా పేజీలు పారేసినదాన్ని ఏరుకోవు. అప్పటికే పీటమీద కూర్చున్నదానికే మళ్ళీ హారతిస్తాయి. ‘స్వర్ణయుగం’, ‘ఆణిముత్యాలు’, ‘ఆ రోజులే వేరు’ - ఇవీ ఆ పేజీల మాటలు. 1966లో మద్రాసు నుంచి మొదలైన ‘విజయచిత్ర’ పాత సంచికల్ని ఇవాళ బంగారంలా దాచుకునేవాళ్ళున్నారు. 1976లో ‘సితార’ వచ్చింది. ఈ శతాబ్దం మొదట్లో ‘హాసం’ పాత పాటలకు, హాస్యానికి పెద్ద పీట వేసింది. వీటిలో శ్రద్ధ ఉంది. పాట వెనక ఎవరున్నారు, ఏ వాద్యం వినిపిస్తోంది అని ఓపిగ్గా చెప్పిన మనుషులున్నారు. ఆ మేరకు వాళ్ళకు రుణపడే ఉంటాం. కాని ఆ స్వర్ణయుగం ఎవరికి స్వర్ణం? అందులో మాల మాదిగలెక్కడ? ఈ ప్రశ్న దళిత మిత్రులు ముందే అడిగారు. మా ప్రశ్న దాని పక్కనే నిలబడుతుంది. అందులో సాయిబులెక్కడ?

ఉన్నారు కదా అంటారు సెక్యులర్ మిత్రులు. దిలీప్ కుమార్ లేడా, మధుబాల లేదా, మీనాకుమారి లేదా?

ఉన్నారు. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్‌గా ఉన్నాడు. ముంతాజ్ జహాన్ మధుబాలగా ఉంది. మహజబీన్ బానో మీనాకుమారిగా ఉంది. హైదరాబాదు గడ్డమీద పుట్టిన హమీద్ అలీ ఖాన్ అజిత్‌గా ఉన్నాడు. పాత పత్రికల్లో ఇదో సరదా శీర్షిక. ‘ఈ తార అసలు పేరు మీకు తెలుసా?’ పాఠకుడు ఆశ్చర్యపోయి పేజీ తిప్పుతాడు. పేరెందుకు మార్చుకోవలసి వచ్చిందని ఆ శీర్షిక అడగదు. సినిమాల్లో అందరూ మార్చుకున్నారు, మీరొక్కరేనా అని ఎదురు ప్రశ్న వస్తుంది. నిజమే, హరికృష్ణ గోస్వామి మనోజ్ కుమార్ అయ్యాడు, కుముద్‌లాల్ గంగూలీ అశోక్ కుమార్ అయ్యాడు. కాని వాళ్ళు ఒక గదిలోంచి అదే ఇంట్లో మరో గదిలోకి మారారు. మావాళ్ళు ఇల్లే మారవలసి వచ్చింది. ఒక్కొక్కరికి ఒక్కో కారణముండొచ్చు. దిలీప్ కుమార్‌కి తండ్రి భయం కూడా ఉంది. కాని కారణాలు ఎన్ని ఉన్నా నడక ఒకవైపే సాగింది. రాణించడానికి యూసుఫ్ పేరు పెట్టుకున్న దిలీప్ ఎవరైనా ఉంటే చూపించండి.

‘మొఘల్-ఎ-ఆజమ్’ 1960లో వచ్చింది. 2004లో రంగులద్దుకుని మళ్ళీ విడుదలైంది. పాత సినిమాల మోజుకు అంతకన్నా పెద్ద పండగ లేదు. అందులో అక్బర్ పృథ్వీరాజ్ కపూర్. సలీం దిలీప్ కుమార్. అనార్కలి మధుబాల. రాజపుత్రుడు దుర్జన్ సింగ్‌గా వేసినవాడు మన హమీద్ అలీ ఖాన్, అంటే అజిత్. నటుడు ఏ వేషమైనా వేయొచ్చు, వేయాలి. అందులో మాకు అభ్యంతరం లేదు. కాని ఒక్కసారి ఆగి చూడండి. తెరమీద సలీం కావడానికి ఒక యూసుఫ్ ముందు దిలీప్ కావలసి వచ్చింది. ఈ సినిమామీద వచ్చిన ప్రశంసలన్నీ అద్దాల మహలు గురించి, దానికి పోసిన డబ్బు గురించి, పట్టిన ఏళ్ళ గురించి. ఈ ఒక్క ముక్క గురించి మాత్రం మౌనం.

అందరూ తలవంచలేదు. సురయ్యా సురయ్యాగానే ఉంది. వహీదా రెహమాన్ కథ తెలుగువాళ్ళు తప్పక చెప్పుకోవలసినది. ఆమె విశాఖపట్నంలో చదువుకున్న పిల్ల. 1955లో ‘రోజులు మారాయి’లో ఒక్క నాట్యంతో ఊళ్ళను ఊపేసింది. ఆ సినిమా జోరులోనే హైదరాబాదులో గురుదత్ కంట పడింది. బొంబాయి వెళ్ళి ‘సి.ఐ.డి.’కి సంతకం పెట్టేటప్పుడు పేరు మార్చుకోమన్నారు. ఇంకా ఇరవై ఏళ్ళు కూడా నిండని అమ్మాయి, ‘మా అమ్మానాన్నలు పెట్టిన పేరు ఇది, మార్చను’ అంది. ఆ పేరుతోనే 1956లో తెరమీదికొచ్చింది. మన పాత సినిమా పేజీలు ఆ నాట్యాన్ని తలచుకున్నన్నిసార్లు ఈ నిరాకరణను తలచుకోవు. మాకు మాత్రం ఆ అడుగులకన్నా ఈ ఒక్క మాట గొప్ప నాట్యం.

ఇక తెరమీద మా జీవితం సంగతి. హిందీలో ‘ముస్లిం సోషల్’ అని ఒక తరహానే ఉంది. ‘చౌదవీఁ కా చాంద్’ (1960), ‘మేరే మెహబూబ్’ (1963), ‘పాకీజా’ (1972), ‘ఉమ్రావ్ జాన్’ (1981). పాత సినిమాల ప్రత్యేక సంచిక వేస్తే ఇవి లేకుండా ఉండవు. షేర్వానీ, పాన్‌దాన్, నఖాబు వెనక కళ్ళు, షాయరీ, ముజ్రా, ఆదాబ్ అర్జ్. ఎంత సొగసు! ఆ సొగసుకు మేమూ లొంగినవాళ్ళమే. ‘పాకీజా’ విడుదలైన రెండు నెలలు తిరక్కుండానే మీనాకుమారి చనిపోయింది. మా ఆడవాళ్ళు ఆ సినిమాలో ఏడిస్తే ఎవరి కోసం ఏడ్చారో విడదీసి చెప్పడం కష్టం. కాని సొగసు దాటి లెక్కకు రండి. ఆ సినిమాల్లో ముస్లిం అంటే ఇద్దరే. నవాబు, తవాయిఫ్. హవేలీ లేదా కోఠా. వాటి మధ్య బజారు లేదు, పొలం లేదు, పని లేదు. దూది ఏకేవాడు లేడు. గాజుల మలారం భుజానేసుకుని ఊరూరా తిరిగేవాడు లేడు. గుర్రానికి లాడాలు కొట్టేవాడు, కసాయి, ఫకీరు, బీడీలు చుట్టే ఖాలమ్మ లేరు. మాలో కింద ఉన్నవాళ్ళని పైవాళ్ళు చూడని చూపే ఆ సినిమాల కెమెరా చూపు కూడా. ఆ లోపం బయటివాళ్ళది మాత్రమే అంటే అబద్ధమవుతుంది. ‘మా తహజీబ్’ అంటూ ఆ హవేలీ బొమ్మనే ఇంట్లో పెట్టుకుని మురిసిన షరీఫులు మాలోనూ ఉన్నారు.

తెలుగు సినిమా ఇంకో వింత. దానికి అరేబియా తెలుసు, గుంటూరు సాయిబు తెలీదు. 1949లో ‘లైలా మజ్ను’, 1955లో ‘అనార్కలి’, 1968లో ‘బాగ్దాద్ గజదొంగ’, 1970లో ‘ఆలీబాబా 40 దొంగలు’, ఆ తర్వాత ఎన్టీ రామారావు అక్బరుగా ‘అక్బర్ సలీం అనార్కలి’. ఎడారులు, ఒంటెలు, షరాబు, దర్బారు. అచ్చ తెలుగులో మాట్లాడే లైలా! ఆ పాటలు ఇప్పటికీ మా పెళ్ళిళ్ళ బ్యాండుమేళాల్లో మోగుతాయి. మహమ్మద్ రఫీ తెలుగులో పాడితే ‘మన రఫీ’ అని మేమూ మురిశాం. కాని బాగ్దాదు దాటి బాపట్లకొచ్చేసరికి సాయిబు ఏమయ్యాడు? ‘నీకీ నాకీ’ అంటూ తురక తెలుగు మాట్లాడి నవ్వించే టోపీవాడయ్యాడు. లేదా హీరోకోసం ప్రాణం పెట్టే నమ్మిన బంటయ్యాడు. హీరోకు కోపం రావాలి గనక ఇంటర్వెల్ ముందు అతను చచ్చిపోవాలి. ఆ తర్వాతి కాలంలో బాంబు పెట్టేవాడయ్యాడు. వాడు చెడ్డవాడని చూపించడానికి వాడి పక్కన ఒక మంచి ముస్లిమూ అవసరమయ్యాడు. 2002లో వచ్చిన ‘ఖడ్గం’లో ఆటో నడిపే అంజద్ ఉన్నాడు చూడండి, ఆ పాత్రకు ఉన్న పెద్ద పని తన దేశభక్తి రుజువు చేసుకోవడం. ఇవాళ్టికి ఆ సినిమా కూడా పాతదైపోయింది. రేపు దానిమీదా ‘మరపురాని చిత్రం’ అని వ్యాసాలొస్తాయి. మరవలేనిది నిజమే. ఎవరికి ఏ కారణంచేత అన్నదే తేడా.

సెక్యులర్ మిత్రుల దగ్గర ఒక ఉదాహరణ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. 1952 నాటి ‘బైజూ బావ్‌రా’. భజన రాసింది షకీల్ బదాయునీ, బాణీ కట్టింది నౌషాద్, పాడింది రఫీ. ముగ్గురూ ముస్లింలు. ఇంతకన్నా మతసామరస్యం ఏం కావాలి అంటారు. ఆ పాట మాకూ ప్రాణం. అయినా ఒక అనుమానం. ఆ ముగ్గురూ గజల్ చేసినప్పుడు అది కేవలం వాళ్ళ ‘సంస్కృతి’. భజన చేసినప్పుడే అది ‘భారతీయత’. అంటే మా భారతీయతకు సర్టిఫికెట్ భజన దగ్గరే దొరుకుతుందా? ఒక కళాకారుడు తన పని తాను గొప్పగా చేశాడు. దాన్ని విధేయతకు రుజువుగా చూపించి ఇప్పటి ముస్లిం కుర్రాడి ముందు పెట్టడం ఏం న్యాయం? ‘వాళ్ళూ ముస్లింలే, చూడు ఎలా ఉన్నారో’ అన్న మాట ఆ పొగడ్త అడుగున సన్నగా వినబడుతూనే ఉంటుంది. గతంలోని ముస్లింని తలమీద పెట్టుకోవడం, ఇప్పటి ముస్లింకి ఇల్లు అద్దెకివ్వకపోవడం ఒకే మనిషి చేయగలడు. పాతవాటి మోజు చేసే అసలు కీడు ఇదే. చచ్చిపోయిన మమ్మల్ని ప్రేమించి, బతికున్న మమ్మల్ని ప్రేమించినట్టు తృప్తిపడనిస్తుంది.

ఇప్పుడు మా ట్రంకుపెట్టెలోకి వద్దాం. తెలుగు పాఠకులకు అంతగా తెలియని పత్రిక ఒకటి అందులో ఉండేది. పేరు ‘షమా’. 1939లో ఢిల్లీలో యూసుఫ్ దెహల్వీ మొదలుపెట్టిన ఉర్దూ నెలపత్రిక. సినిమా, సాహిత్యం ఒకే అట్టల మధ్య. ఒక పేజీలో తార బొమ్మ, ఇంకో పేజీలో కిషన్ చందర్ కథో ఇస్మత్ చుగ్తాయ్ కథో. పైగా డబ్బు బహుమతుల ‘ముఅమ్మా’, అంటే పదాల పజిలు. దానికోసమే కొన్నవాళ్ళు వేలంవెర్రిగా ఉండేవాళ్ళు. అదే సంస్థ హిందీలో ‘సుష్మా’, ఆడవాళ్ళకు ‘బానో’, పిల్లలకు ‘ఖిలౌనా’ నడిపింది. సినిమా పత్రికనీ, సాహిత్య పత్రికనీ వేరు కులాలుగా చూసే మనకు ఇది వింతగా ఉంటుంది. పర్దా దాటని ఇళ్ళల్లోకి ‘షమా’ దాటింది. బజారుకెళ్ళని నానీమా ఆ నెల ఏ సినిమా వచ్చిందో చెప్పగలిగేది. ముఅమ్మా పూర్తిచేయడానికి మొహల్లాలో ఆడవాళ్ళందరూ ఒక చాపమీద చేరేవాళ్ళు. ముస్లిం స్త్రీ అనగానే నఖాబు వెనక కళ్ళే చూపించిన సినిమాకు, ఆ కళ్ళు ఏం చదువుతున్నాయో తెలీదు.

1999లో ‘షమా’ ఆరిపోయింది. కారణాలు వ్యాపారానివీ కావచ్చు, కుటుంబానివీ కావచ్చు. మాకు కనిపించే కారణం మా ఇంట్లోనే ఉంది. చదివేవాళ్ళు తగ్గిపోయారు. మాది ఒక విచిత్రమైన తరం. బడి చదువు తెలుగు, నమాజు అరబ్బీ, పాట ఉర్దూ, ఇంట్లో మాట దక్కనీ. దూదేకులవాళ్ళకైతే ఇంట్లో మాట కూడా తెలుగే. ఉర్దూ బడులు ఒక్కొక్కటే వెలవెలబోయాయి. ఉర్దూ చదివితే ఉద్యోగం రాదని మావాళ్ళే అన్నారు. దాన్ని ఒక మతానికి కట్టబెట్టి పరాయి భాషను చేశారు బయటివాళ్ళు. ఫలితం ట్రంకుపెట్టెలో కనబడుతుంది. నానీమా దాచిన ‘షమా’ సంచికల్ని మనవడు తిప్పుతాడు. బొమ్మలు చూస్తాడు. అక్షరాలు చదవలేడు. తన ఇంటి పత్రిక ముందు తనే నిరక్షరాస్యుడు! పాత పత్రికల మోజు అందరికీ తీపి నొప్పి. మాకు అందులో తీపి తక్కువ. కొన్ని ఇళ్ళల్లో ఆ సంచికలు కిలోల లెక్కన పాత పేపర్లవాడి తక్కెడ ఎక్కాయి. ఆదివారం ఆబిడ్స్‌లో కనిపించే ఉర్దూ పత్రిక అలా వచ్చిందే కావచ్చు. దాన్ని కొనేవాడు అట్టమీది బొమ్మకోసం కొంటాడు. లోపలి కథ మళ్ళీ అనాథే.

అయితే ఏం చేద్దాం? పాత సినిమా పేజీల్ని తగలబెడదామా? వద్దు. మా కల్ట్ మేము కట్టుకుందాం. కల్ట్ అంటే బజారు పారేసినదాన్ని ఏరుకోవడమే గదా. ఏరుకోవలసినవి బోలెడున్నాయి. ఎం.ఎస్. సత్యూ తీసిన ‘గరం హవా’ ఉంది. 1973లో పూర్తయి, సెన్సారు దగ్గర ఆగి ఆగి బయటపడింది. దేశవిభజన తర్వాత ఆగ్రాలో చెప్పుల వ్యాపారం చేసుకునే సలీం మీర్జా, వెళ్ళాలా ఉండాలా అన్న ప్రశ్న, కళ్ళముందే చేజారే ఇల్లు. ఆ పాత్ర వేసిన బల్‌రాజ్ సాహ్నీ సినిమా విడుదల చూడకుండానే పోయాడు. అందులో నవాబు లేడు, ముజ్రా లేదు. అద్దె ఇంటికోసం తిరిగే మనిషి ఉన్నాడు. 1982 నాటి సాగర్ సర్హదీ ‘బజార్’ ఉంది. హైదరాబాదు బీద పిల్లని డబ్బున్న గల్ఫు వరుడికి కట్టబెట్టే పెళ్ళి అనే బేరం అందులో ఉంది. ఆ పాటల్ని గజళ్ళ సాయంత్రాల్లో వినేవాళ్ళు ఆ బేరం గురించి మాట్లాడరు. 1989 నాటి సయీద్ మీర్జా ‘సలీం లంగ్డే పే మత్ రో’ ఉంది. బొంబాయి గల్లీ కుర్రాడు మంచివాడిగా బతకాలనుకునే సరికే ఆలస్యమైపోతుంది.

మన ఊరి కల్ట్ కూడా ఒకటుంది. 2005లో వచ్చిన ‘ది అంగ్రేజ్’. పెద్ద తారల్లేరు, ఖర్చు లేదు. అయినా ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకూల డైలాగులు హైదరాబాదు కుర్రకారుకు, హిందూ ముస్లిం తేడా లేకుండా, కంఠతా వచ్చాయి. ఆ నవ్వులో మేమూ ఉన్నాం. ఎందుకంటే అందులో దక్కనీ హాస్యగాడి వంకర భాష కాదు, సినిమా మొత్తానికీ అదే ఊపిరి. మా నాలుక మొదటిసారి సిగ్గుపడకుండా తెరమీద తిరిగింది. కాని నవ్వు ఆగాక ఒక మాట మిగులుతుంది. అందులో కంప్యూటర్ల ముందు పనిచేసేవాళ్ళు బయటినుంచి వచ్చినవాళ్ళు. చార్మినార్ దగ్గర గప్పాలు కొట్టుకుంటూ కూర్చున్నవాళ్ళు మేము. పాతబస్తీ కుర్రాడు ఎందుకు ఖాళీగా కూర్చున్నాడో చెప్పడం కామెడీ పని కాదంటే ఒప్పుకుంటాం. ఎవరి పనో చెప్పండి.

అది మా పనే. ట్రంకుపెట్టె మూత అడుగున ఏ బొమ్మలుండేవో, ముఅమ్మా చుట్టూ చేరిన ఆడవాళ్ళు ఏం మాట్లాడుకునేవాళ్ళో, ‘రోజులు మారాయి’ చూసి వచ్చిన సాయిబుల పిల్ల తన పేరు గురించి ఏమనుకుందో, ఇవి ఏ పత్రికా అచ్చు వేయలేదు. చెప్పగలిగిన నానీమాలు ఒక్కొక్కరే ఖబరస్తాన్‌కి చేరుతున్నారు. ‘షమా’ తూకానికి వేసేముందు ఆమె పక్కన కూర్చుని ఒక్క కథైనా చదివించుకుని, ఆమె చెప్పింది తెలుగులో రాసుకోవాలి. ఉర్దూ లిపి నేర్చుకోగలిగితే మరీ మంచిది. సెక్యులర్ మిత్రులకు ఒక్క మనవి. పాత పత్రిక తిప్పుతున్నప్పుడు మధుబాల నవ్వు దగ్గర ఆగండి, కాదనం. అదే నెలలో అదే పత్రికను మీ పక్కింట్లో ఇంకో లిపిలో చదువుతున్న మనిషి ఎవరో అడగండి. ఆ ఇల్లు ఇంకా అక్కడే ఉంది. తలుపు కొడితే తీస్తారు.